మూడో గేరులో ఆయాసం

మా కారుకి ఆయాసం వచ్చింది. నవ్వకండి. ఆ రోజు నాకు తోచిన మాట అదే. తర్వాత దాన్ని వర్క్‌షాపు కుర్రాడు "పికప్ ప్రాబ్లమ్" అన్నాడు, ఆటోనగర్ మేస్త్రి "మిస్సింగ్" అన్నాడు, మావారు "నీ డ్రైవింగ్" అన్నారు. ఎవరి పరిభాష వారిది. నేను నవలలు రాసుకునేదాన్ని. మెట్లెక్కే మనిషి మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కినట్టుంటే దాన్ని ఆయాసం అనక ఇంకేమనను?

మా ఇల్లు విజయవాడ భవానీపురంలో. అమ్మ ఉండేది పటమటలో. డెబ్బై నాలుగేళ్ళావిడ ఒక్కర్తీ ఉంటుంది. మా ఇంటికి వచ్చెయ్యమంటే తన తులసికోటకి నీళ్ళెవరు పోస్తారంటుంది. అంచేత వారానికి మూడుసార్లు నేనే ఊరికి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాలి. కారు తొమ్మిదేళ్ళది, పెట్రోలుది. కొన్నప్పుడు మావారిది. ఆయన కొత్తది కొనుక్కున్నాక, పాత గడియారం, పాత ఫోను వచ్చినట్టే అదీ నా వాటాకొచ్చింది. వచ్చినందుకు నాకేం చిన్నతనం లేదు. ముప్ఫై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నదాన్ని. ఎవర్నీ బతిమాలకుండా అమ్మ దగ్గరికి వెళ్ళి రాగలగడం అంటే ఏమిటో నాకు తెలుసు.

శ్రావణమాసం, సన్నటి చినుకులు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. అది 2020లో తెరిచినప్పటినుంచీ మా భవానీపురం వాళ్ళకి ఊళ్ళోకి వెళ్ళడం సుఖమైంది. బండి మూడో గేరులో ఉంది, అద్దాలకి ఆవిరి పడుతోందని ఏసీ వేశాను. ఎత్తు మొదలవగానే యాక్సిలరేటర్ నొక్కాను. బండి ముందుకి దూకలేదు. ఆగనూ లేదు. "వెళ్ళమంటావా?" అని నన్నడుగుతున్నట్టు ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత రెండు కుదుపులు కుదిపి, ఏమీ ఎరగనట్టు పరుగెత్తింది. ఎడంపక్క అమ్మవారి కొండ, కుడిపక్క కృష్ణ, వెనకాల హారన్ కొడుతూ ఇసుకలారీ. ఆ మూడింట్లో నాకు బాగా గుర్తున్నది లారీ ఒక్కటే.

సాయంత్రం మావారికి చెప్పాను. "ఎప్పుడూ ఎక్కువ గేరులో తోలుతావు, దానికి బలం చాలక కుదుపుతుంది," అన్నారు పేపర్లోంచి తలెత్తకుండానే. కాదన్నాను. సరే, పరీక్ష చేద్దామన్నారు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి, రోడ్డు మీద కాకి తప్ప ఎవరూ లేనప్పుడు, వాన వెలిశాక, ఏసీ లేకుండా, రెండో గేరులో గర్రుమనిపిస్తూ ఫ్లైఓవర్ ఎక్కించారు. బండి బంగారంలా ఎక్కింది. దొంగమొహంది! వైద్యుడి గదిలోకి వెళ్ళగానే జ్వరం తగ్గిపోయే పిల్లలుంటారే, అచ్చం అలాగే.

"చూశావా?" అన్నారు. చూశాను. ఆ పూట మా అపార్టుమెంట్లో లిఫ్టు పనిచెయ్యలేదు. మూడంతస్తులూ మెట్లెక్కి వెళ్తూ రెండో అంతస్తులో ఒక్క నిమిషం ఆగాను. "నవలలు రాసేవాళ్ళకి అన్నీ అనుమానాలే," అంటూ ఆయన తాళం తియ్యడానికి ముందు వెళ్ళిపోయారు.

అక్కణ్ణించి సలహాలు మొదలయ్యాయి. పక్కింటి బాబాయిగారు, "ఇప్పుడు పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలుపుతున్నారమ్మా, పాత బళ్ళకి పడదు," అన్నారు. అలా కలుపుతున్న మాట నిజమే. కానీ అదే బంకులో అదే పెట్రోలు పోయించుకునే ఆయన బండికి, అది మా దానికంటే రెండేళ్ళు పెద్దది, ఈ జబ్బెందుకు లేదో చెప్పలేకపోయారు. మా మరిది హైవే ఎక్కించి గంటసేపు గట్టిగా తోలితే మసంతా పోతుందన్నాడు. ఎదురింటావిడ నిమ్మకాయలు తొక్కించమంది. నేను తొక్కించాను కూడాను. అబద్ధమెందుకు?

తర్వాత ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. అద్దాల గది, కాఫీ, అంతా బాగానే ఉంది. ఓ కుర్రాడు స్టీరింగు కింద ఎక్కడో తీగ గుచ్చి కంప్యూటర్ చూశాడు. "ఏ తప్పూ చూపించట్లేదు మేడం," అన్నాడు. ఆయనగారి "చూశావా?"కీ దీనికీ తేడా ఏముంది? అయినా గాలి ఫిల్టరు మార్చారు, ఇంజనులోకి గాలి వెళ్ళే చోట మసి కడిగారు. రెండ్రోజులు బాగానే ఉన్నట్టనిపించింది. మూడో రోజు వాన పడింది, మళ్ళీ అదే కథ. ఈసారి, "పెట్రోలు పంపు వీక్ అయుంటుంది మేడం, మార్చి చూద్దాం," అన్నారు. ఎనిమిది వేల పైచిలుకు. "మార్చి చూద్దాం" అన్న మాట దగ్గర నాకు చురుక్కుమంది. కూరలో ఉప్పు తక్కువైందో పులుపు తక్కువైందో నాలిక మీద వేసుకోకుండా, గిన్నె మార్చి చూద్దాం అన్నట్టుంది.

ఆ వేళ పంపు వద్దని చెప్పి అమ్మ దగ్గరికి పోతూ బెంజి సర్కిల్లో ఎర్రలైటు దగ్గర ఆగాను. ఆ పేరు చూడగానే నాకు బెర్తా బెంజ్ గుర్తొచ్చింది. బీఏలో చరిత్ర చదివినదాన్ని, ఎక్కడెక్కడి ఆడవాళ్ళ సంగతులో ఏరుకుని దాచుకోవడం నాకలవాటు. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్‌కి ఆవిడ భార్య. 1888 ఆగస్టులో, ఆయనకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, జర్మనీలోని మన్‌హైమ్ నించి ఫోర్ట్‌సైమ్‌కి మోటారుబండిలో బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. అంతకుముందు అంతదూరం కారులో వెళ్ళినవాళ్ళు లేరు. వెళ్ళింది ఎక్కడికో తెలుసా? పుట్టింటికి! వాళ్ళమ్మని చూడడానికి.

దారిలో బండి మొరాయించింది. పెట్రోలుగొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. నిప్పురవ్వ పుట్టించే తీగ మీది తొడుగు అరిగిపోతే తన మేజోడు పట్టీ తీసి చుట్టింది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో బట్టల మరకలు పోగొట్టే ద్రావకం కొని పోసింది. ఎత్తు వచ్చినచోట బండి ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. ఇంటికొచ్చాక ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని మొగుడికి చెప్పింది. ఆయన ఆ మాట విని పెట్టాడు కూడా.

అందులో నన్ను పట్టుకున్నది ఆవిడ ధైర్యం కాదు. ధైర్యం చాలామందికుంటుంది. బండి ఆగినప్పుడల్లా ఎక్కడ ఆగిందో చూసింది. గొట్టం పూడితే గొట్టం, తీగ అరిగితే తీగ. నేనో? "ఏదో అవుతోందండీ, అదోలా ఉంటోందండీ," అంటూ తిరుగుతున్నాను. అలా అంటే ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు? నా నవలలో ఒక పాత్ర "అదోలా" ఉందని రాస్తే నా పాఠకులు ఊరుకుంటారా?

ఇంటికొచ్చి పాలలెక్కల పుస్తకం తీశాను. వెనకపేజీల్లో గీతలు గీశాను. రోజు, వాన ఉందా లేదా, ఎక్కడ, ఎన్నో గేరు, ఏసీ ఉందా, పెట్రోలు ఎంతుంది, ఇంజను చల్లగా ఉందా వేడెక్కిందా, ఎన్నిసార్లు కుదిపింది. మూడువారాలు రాశాను, బండి ఆపాకే సుమండీ. పంతొమ్మిది ప్రయాణాల్లో పదకొండు సార్లు వచ్చింది. పదకొండుసార్లూ మూడో గేరో నాలుగో గేరో, కాలు గట్టిగా నొక్కినప్పుడే. తొమ్మిదిసార్లు ఏసీ ఉంది. వాన పడ్డ రోజు ఎక్కువ. పెట్రోలు నిండా ఉన్నా అడుగంటినా ఒకటే. ఎర్రలైటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఒక్కసారి కూడా లేదు.

రాసింది చూసుకుంటే నాకే ఆశ్చర్యమేసింది. మావారి పరీక్షలో అది ఎందుకు రాలేదో అక్కడే ఉంది. వాన లేదు, ఏసీ లేదు, మూడో గేరు లేదు. రాకుండా ఉండడానికి ఏమేం కావాలో అన్నీ ఆయన శ్రద్ధగా సమకూర్చారు, పాపం.

అమ్మ వాళ్ళింటికి దగ్గరే ఆటోనగర్. మా నాన్నగారి స్కూటరు బాగుచేసిన పెద్దమేస్త్రి ఒకాయన అక్కడున్నాడు. డెబ్బై దాటాయి, పని కొడుకు చేస్తాడు, ఈయన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పుస్తకం ఇస్తే కళ్ళజోడు తెమ్మని, మొత్తం చదివాడు. చదివి నవ్వుతాడేమోనని నేను బిక్కుబిక్కుమంటూ నించున్నాను.

"వానకి పెట్రోలుపంపు భయపడదమ్మా," అన్నాడు చివరికి. "పంపు నీరసపడితే ఎక్కువ స్పీడులో గట్టిగా లాగినప్పుడో, ఎండన చాలాదూరం పోయినప్పుడో, ట్యాంకు అడుగంటినప్పుడో ఏడిపిస్తుంది. వానకి భయపడేది కరెంటు. పదండి చూద్దాం. మీరే తోలండి. నేను పక్కన కూర్చుంటాను."

ఇన్నాళ్ళలో పక్కన కూర్చుని నన్ను తోలమన్నవాడు ఆయనొక్కడే. ఏసీ వేయించాడు. ఫ్లైఓవర్ మీద మూడో గేరులో కాలు నొక్కమన్నాడు. కుదిపింది. "ఇదిగో, మిస్సింగ్," అన్నాడు, పోయిన చుట్టం కనపడ్డంత సంతోషంగా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారు కుదిపితే సంతోషించిన ఆడది బెజవాడలో నేనొక్కర్తినే అయుంటాను.

షెడ్డుకి తిరిగొచ్చాక కొడుకు చేత ప్లగ్గులు విప్పించాడు. ఒక్కొక్కటీ నాకు చూపించి చెప్పాడు. ఇంజనుకి కావలసినవి మూడే, గాలి, పెట్రోలు, నిప్పు. ప్లగ్గు కొసన రెండు ఇనుపముక్కల మధ్య సన్నటి సందు ఉంటుంది. కాయిల్ నించి వేల వోల్టుల కరెంటు వచ్చి ఆ సందు దూకితే నిప్పురవ్వ పుడుతుంది. మా బండికి ఆ సందు దాదాపు ఒక మిల్లీమీటరు ఉండాలి. రవ్వ దూకీ దూకీ కొసలు అరిగి, అది ఒకటిన్నరకి దగ్గరైంది. అందులో ఒక ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత నల్లగీత. దాని నెత్తిన తొడిగే రబ్బరు తొడుగులోనూ అలాంటిదే ఇంకో గీత. అంటే కరెంటు దూకాల్సినచోట దూకకుండా అడ్డదారిన పక్కకి జారిపోతోందన్నమాట. తేమ తగిలితే ఆ అడ్డదారి మరింత సులువు.

"మరి ఖాళీగా నించున్నప్పుడు బాగానే ఉంటుందేం?" అన్నాను.

"ఖాళీ బస్సులోంచి దిగడం ఎవరికైనా తేలికేగదమ్మా! కిక్కిరిసిన బస్సులోంచి దిగాలంటే తోసుకురావాలి. బండి ఎత్తెక్కేటప్పుడు మీరు కాలు నొక్కితే లోపలికి గాలీ పెట్రోలూ ఎక్కువ పోతాయి, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో రవ్వ దూకాలంటే ఎక్కువ బలం కావాలి. బలం లేని రవ్వ అక్కడే ఆగిపోతుంది. ఏసీ వేశారా, ఆ బరువు ఇంకా అదనం."

కంప్యూటర్ ఎందుకు పట్టుకోలేదంటే, మధ్యమధ్య నాలుగుసార్లు తప్పినంత మాత్రాన అది రాసుకోదట, ఒక లెక్క దాటితేనే దీపం వెలిగిస్తుందట. "అది అబద్ధం చెప్పలేదమ్మా, అడిగినదానికి చెప్పింది," అన్నాడు. ప్లగ్గులన్నీ కొత్తవి వేసి, ఆ రబ్బరు తొడుగు మార్చి, పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. బయల్దేరుతుంటే, "ఒక్క మాటమ్మా. ఎత్తుమీద స్పీడు తగ్గినప్పుడు మూడులోంచి రెండుకి దించండి. మీ తప్పు కూడా కొంచెం ఉంది," అన్నాడు. ఈ మాట మావారికి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఆ సాయంత్రం చినుకుల్లోనే ఫ్లైఓవర్ ఎక్కాను. బండి వెన్నలో కత్తి దిగినట్టు వెళ్ళింది. విజయగర్వంతో ఇంటికొస్తే లిఫ్టు మళ్ళీ పాడైంది. మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఆగిపోయాను. గుండె దడదడమంటోంది, కళ్ళముందు మిణుగురులు. వెనకాలే సంచీ మోసుకొస్తున్న మా అమ్మాయి, "ఏంటమ్మా, మిస్సింగా?" అంది.

నవ్వబోయి ఆగాను.

"ఎప్పుడొస్తోంది?" అంది మళ్ళీ, ఈసారి వేళాకోళం కాదు. "కూర్చున్నప్పుడు వస్తోందా? ఎక్కేటప్పుడేనా? ఎన్నాళ్ళనించి?"

నా దగ్గర జవాబు లేదు. కారు పదకొండుసార్లు కుదిపిందని చెప్పగలను. నేనెన్నిసార్లు ఆగానో చెప్పలేను. ఉగాదికి ముందునించే ఉందేమో. నలభైల్లో ఆడవాళ్ళకి మామూలే అనుకున్నాను. నెలనెలా ఎక్కువ అవుతున్నా, పది రోజులుంటున్నా, అదీ మామూలే అనుకున్నాను. నా మాట ఎవరూ నమ్మట్లేదని కారు గురించి ఇంటిల్లిపాదితో పోట్లాడిన దాన్ని, నా ఒంటి మాట నేనే నమ్మలేదు. "నీ అనుమానం" అని నాకు నేనే చెప్పుకుని ముందుకి నడిచాను.

మర్నాడు మా అమ్మాయే డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ మేస్త్రివే. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు, ఏం చేస్తుండగా. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. గర్భిణులు కాని ఆడవాళ్ళకి పన్నెండు గ్రాములకి తగ్గితే రక్తహీనతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పదిహేను నించి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే మనలో సగానికి పైగా మూడో గేరులో ముక్కుతూనే వంటలు చేస్తున్నాం, ఉద్యోగాలకి పరుగెత్తుతున్నాం. "కూర్చుంటే తెలీదమ్మా. మెట్లెక్కేటప్పుడు ఒళ్ళు ప్రాణవాయువు ఎక్కువ అడుగుతుంది, మోసుకెళ్ళడానికి రక్తంలో సరుకు లేదు," అన్నారావిడ. ఊరికే ఐరన్ బిళ్ళలిచ్చి పంపలేదు. రక్తం ఎక్కడ పోతోందో చూడాలని స్కానింగు చేయించారు. గర్భసంచిలో చిన్న గడ్డ ఉంది, ప్రమాదం లేనిది, వైద్యం జరుగుతోంది. బిళ్ళ వేసుకున్న వెంటనే కాఫీ, టీ తాగొద్దన్నారు. అదొక్కటే కష్టంగా ఉంది.

మూడునెలలైంది. హిమోగ్లోబిన్ పదిన్నరకి వచ్చింది. కారు సుబ్బరంగా ఉంది. అమ్మ తులసికోటా బాగానే ఉంది. మొన్న మావారు భుజం నొప్పన్నారు. "ఎప్పుడొస్తోందండీ? చెయ్యి పైకెత్తినప్పుడా, పడుకున్నప్పుడా?" అన్నాను. ఆయన ఏదో అనబోయి, మాట మార్చుకుని, "ఆ పుస్తకం ఇలా ఇయ్యి," అన్నారు.

ఇప్పుడందులో మూడు వరసలున్నాయి, కారుకొకటి, నాకొకటి, ఆయనకొకటి. పాలవాడికి ఈ నెల ఎంతివ్వాలో మాత్రం ఎంత వెదికినా కనపడలేదు.